మరవ పారిందా అమ్మీ?
ఒక అవ్వ చెప్పిన నల్లచెరువు జ్ఞాపకాలు



ఈ సంచికలో జ్వరాల గురించో, చక్కెర వ్యాధి గురించో కాకుండా ఒక అవ్వ గురించి రాస్తున్నాము. 2024 నవంబరులో ఆమె మా స్త్రీల వార్డులో పన్నెండు రోజులు ఉంది. ఆమె పేరు, ఇప్పుడు ఉంటున్న ఊరు రాయటం లేదు. ఆమె, ఆమె కుటుంబం ఒప్పుకున్న తర్వాతే ఇది రాస్తున్నాము. "నా పేరు వద్దు గానీ మా ఊరి పేరు రాయండి" అని ఆమె అన్నది. ఆ ఊరు నల్లచెరువు. కదిరి నుండి మదనపల్లె వైపు పోయే దారిలో ఉన్నది.

అవ్వకు అప్పుడు 81 ఏళ్లు. ఇంట్లో కళ్లు తిరిగి పడిపోతే కొడుకు తీసుకొని వచ్చాడు. ఎముక విరగలేదు, తుంటి దగ్గర బాగా కమిలింది. బరువు చూస్తే 34 కిలోలు. డాక్టరు గారు ఛాతీ ఎక్స్‌రే తీయించగా కుడి ఊపిరితిత్తి పైభాగంలో మచ్చ కనబడింది. "దగ్గు ఉందా అవ్వా?" అని అడిగితే తల అడ్డంగా ఊపింది. కొడుకు కూడా "వయసు మీద పడిన దగ్గే సార్, వేరే ఏమీ లేదు" అన్నాడు. కళ్లె పరీక్షకు డబ్బా ఇచ్చాము. మూడు ఉదయాలు ఇచ్చాము. మూడు సార్లూ అందులో ఉమ్మి మాత్రమే ఉన్నది, కళ్లె లేదు. ముందు జాగ్రత్తగా డాక్టరు గారు ఆమె మంచాన్ని కిటికీ పక్కకు, మిగతా వారికి దూరంగా వేయించారు.

అవ్వ తినేది కాదు. మాట్లాడేది కాదు. రాత్రి పూట మాత్రం మగతలో "మరవ పారిందా? మరవ పారిందా అమ్మీ?" అని అడిగేది. మాలో చాలామందిమి కోస్తా జిల్లాల నుండి వచ్చిన వాళ్లం. ఆ మాట మాకు తెలియదు. మరువం అంటోందేమో అనుకున్నాము. కేసు షీటులో మేము రాసిన మాటలు ఇవి: "అర్థం లేని మాటలు. మతిమరుపు ఉండవచ్చు. పరీక్షకు సహకరించటం లేదు." ఆ మాటలు రాసింది మేమే కాబట్టి ఇక్కడ ఒప్పుకుంటున్నాము.

నాలుగో రోజు రాత్రి డ్యూటీలో కదిరి వైపు నుండి వచ్చిన స్టూడెంట్ నర్సు ఒకమ్మాయి ఉంది. అవ్వ అడగ్గానే ఆ అమ్మాయి దగ్గరకు పోయి, "ఇంకా పారలేదు అవ్వా, ఈ పొద్దు వాన పడితే పారుతుంది" అన్నది. అవ్వ కళ్లు తెరిచి చూసింది. "నువ్వు ఏ ఊరు అమ్మీ?" అని అడిగింది. అదే ఆమె మాతో మాట్లాడిన మొదటి మాట.

మరవ అంటే చెరువు అలుగు. చెరువు పూర్తిగా నిండితే ఎక్కువైన నీళ్లు పొర్లిపోయే చోటు. వాన తక్కువ పడే సీమలో ఆ మాటకు ఎంత విలువ ఉందో మాకు ఆ తర్వాతే అర్థమైంది.

నీరుగంటి కూతురు

ఆ మరుసటి రోజు నుండి వంతులు వేసుకొని, మందులు ఇచ్చే వేళల్లోనూ సాయంత్రం పని తగ్గాకనూ అవ్వ దగ్గర కూర్చున్నాము. అవ్వ చెప్పింది చెప్పినట్టుగా కొంత రాస్తున్నాము.

"మా నాయన నీరుగంటి. తూము ఎప్పుడు ఎత్తాల, ఎవరి మడికి ఎంతసేపు నీళ్లు ఇడవాల, అంతా ఆయప్ప చేతిలోనే. పెద్ద రెడ్డి మడి అయినా, ఒంటి ఎద్దు వాని మడి అయినా, వంతు వంతే. పంట వచ్చినాక కళ్లంలో మేర కొలిచి ఇస్తాండ్రి. ఆ గింజలే మాకు ఏడాది కూడు. చెరువు నిండితే రాత్రంతా మా నాయన కట్ట మిందనే. నేను, మా అక్క సద్ది కట్టుకొని పోతాంటిమి. మరవ పారితే ఆ నీళ్లలో కాళ్లు పెట్టుకొని కూచుంటాంటిమి."

ఆ రోజుల్లో సీమ ఊళ్లలో చెరువే బ్యాంకు, చెరువే పంచాయతీ. నీరుగంటి అంటే చెరువు నీళ్లను పంచే మనిషి. చెరువు కట్టకు గండి పడకుండా చూసేది కూడా ఆయనే. జీతం రూకల్లో ఉండేది కాదు, పంటలో భాగం ఉండేది. తర్వాత బోరు బావులు వచ్చి ఎవరి నీళ్లు వారివి అయ్యాక చాలా ఊళ్లలో ఆ పని తగ్గిపోయింది.

తిండి గురించి అడిగితే అవ్వ ముఖం వెలిగేది. రాగి సంగటి, ఊరిబిండి, శెనక్కాయల చట్నీ, కొర్రన్నం. వరి అన్నం పండగకే. "సంగటి ముద్దలో గుంత చేసి నెయ్యి పోస్తే అది రాజుల కూడు" అన్నది. ఆ సాయంత్రం మా క్యాంటీను వాళ్లతో చెప్పి మెత్తగా రాగి సంగటి చేయించాము. నాలుగు రోజులుగా రెండు చెంచాల గంజి కూడా తాగని మనిషి సగం ముద్ద తిన్నది. ఆ రోజు రాసిన షీటులో "సహకరించటం లేదు" అనే మాట లేదు.

గంజి గిన్నె

1952లో రాయలసీమలో పెద్ద కరువు వచ్చింది. బావులు ఎండిపోయాయి. ప్రభుత్వం ఊళ్లలో గంజి కేంద్రాలు పెట్టింది. బావులు తవ్వటానికి, నీళ్లు చేర్చటానికి సైన్యాన్ని కూడా పంపారు. అవ్వకు అప్పుడు తొమ్మిదేళ్లు.

"చెరువు నడి మధ్యలో నిలబడినా. కాలి కింద నెల పగిలి, నా చెయ్యి పట్టేంత సందు. సత్తు గిన్నె ఎత్తుకొని గంజికి వరసలో నిలబడతాంటిమి. మా అక్క తన గిన్నెలోది సగం నాకు పోస్తాండె. నాకు ఆకలి లేదు తీసుకో అంటాండె. అబద్ధమని నాకు తెలుసు. తెలిసీ తాగినా."

ఈ మాట చెప్పి అవ్వ చాలాసేపు గోడ వైపు తిరిగి పడుకున్నది. మేము ఏమీ అడగలేదు.

రైలు, తేరు, మర్రిమాను

మంచి జ్ఞాపకాలు కూడా ఉన్నాయి. ధర్మవరం నుండి పాకాలకు పోయే రైలు వాళ్ల ఊరి మీదుగా పోతుంది. అది అప్పుడు మీటరు గేజి, బొగ్గు ఇంజను. ఇంట్లో గడియారం లేదు. రైలు కూత విని పొయ్యి వెలిగించేవారట. ఆ లైను తర్వాత బ్రాడ్‌గేజిగా మారింది.

ఏడాదికి ఒకసారి కదిరి లక్ష్మీనరసింహస్వామి తేరుకు ఊరంతా కదిలేది. తేరు మీద జనం మిరియాలు, దవనం చల్లుతారు. ఆ తిరునాళ్లకు ముస్లిం కుటుంబాలు కూడా వస్తాయి. "తేరు నాడు అందరూ ఒకటే. జాకెట్టు గుడ్డ కొనిచ్చేది మా నాయన, మల్లెపూలు కొనిచ్చేది మా అక్క" అని అవ్వ చెప్పింది. కదిరి మల్లెపూల వాసన గురించి ఆమె చెబుతుంటే పక్క మంచాల వాళ్లు కూడా లేచి కూర్చున్నారు.

ఒకసారి ఎద్దుల బండి కట్టుకొని తిమ్మమ్మ మర్రిమాను చూడటానికి పోయారట. ఒక్క చెట్టే ఒక తోపు అంత ఉంటుంది. 1989లో గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కిన చెట్టు అదే. అక్కాచెల్లెళ్లిద్దరూ ఊడలు పట్టుకొని ఊగారు. "మా అక్క పాదం నేలకు తగలకుండా ఊగుతాండె" అన్నది అవ్వ.

ప్రతి కథలోనూ అక్క ఉంది. కానీ అక్క పేరు ఒక్కసారి కూడా చెప్పలేదు. ఆ సంగతి ముందుగా గమనించింది కూడా ఆ స్టూడెంట్ అమ్మాయే. ఆరో రోజు రాత్రి, "అవ్వా, అక్క ఇప్పుడు ఎక్కడ ఉంది?" అని మెల్లగా అడిగింది.

పలకని పేరు

అవ్వ చెప్పింది ఇది.

అక్కకు పదిహేడో ఏట దగ్గు పట్టుకున్నది. దిష్టి అన్నారు, వేడి చేసింది అన్నారు. ఏవేవో ఆకు పసర్లు పోశారు. సాయంత్రం అయితే ఒళ్లు కాలేది. కొబ్బరి చిప్పలో బూడిద పోసి మంచం కింద పెట్టేవారు. అందులో ఉమ్మి, తెల్లవారక ముందే తల్లి తీసుకెళ్లి పూడ్చేది. ఎందుకంటే అప్పటికే సంబంధం కుదిరింది. ఊళ్లో తెలిస్తే పెళ్లి ఆగిపోతుంది.

పెళ్లి అయింది. మూడు నెలలకు దగ్గులో రక్తం పడింది. అత్తవారు పుట్టింట దింపి వెళ్లిపోయారు. అప్పుడు, 1957లో, తండ్రి రైలెక్కించి మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం తీసుకొని పోయాడు.

ఆరోగ్యవరం పేరు మన పెద్దవారికి బాగా తెలుసు. అనేక మిషన్లు కలిసి పెట్టిన ఆ క్షయ శానిటోరియం 1915లో మొదలైంది. మొదటి వైద్యాధికారి డెన్మార్కు నుండి వచ్చిన డాక్టర్ ఫ్రిమోట్ మోలర్. మందులు లేని రోజుల్లో అక్కడ మంచి గాలి, విశ్రాంతి, బలమైన ఆహారం, కొందరికి ఛాతీలోకి గాలి ఎక్కించే చికిత్స ఉండేవి. 1948లో మన దేశంలో బి.సి.జి. టీకా వేయటం మొదలుపెట్టిన చోట్లలో మదనపల్లె ఒకటి. అక్కను చేర్చే నాటికి స్ట్రెప్టోమైసిన్ ఉంది, 1952 నుండి ఐసోనియాజిడ్ కూడా ఉంది. కానీ అక్క వెళ్లేసరికి రెండు ఊపిరితిత్తులూ పాడైపోయాయి. ఎనిమిది నెలలు ఉండి 1958లో చనిపోయింది.

"ఆరు నెలలు ముందు తెచ్చి ఉంటే అని డాక్టరు అన్నాడంట. మా నాయన ఆ మాట ఒక్కసారే చెప్పినాడు. మా యమ్మ మళ్లా బతికినంత కాలం మాట్లాడిందే తక్కువ. అక్క పేరు మా ఇంట్లో ఎవురూ పలకలా. నా కొడుక్కు కూడా తెలీదు, వానికి ఒక పెద్దమ్మ ఉండ్య అని."

అరవై ఆరేళ్ల తర్వాత, ఆ రాత్రి అవ్వ అక్క పేరు చెప్పింది. చెప్పి, చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకొని దగ్గింది. ఆ దగ్గు ఉమ్మి దగ్గు కాదు.

"దసరా నుంచి ఉంది అమ్మీ. సాయంత్రం అయితే జ్వరం. అది ఏందో నాకు తెలుసు. మా అక్క దగ్గు నేను మరిచిపోతానా? కానీ నా మనవరాలికి సంబంధం కుదిరింది. మాఘంలో పెళ్లి. ముసలిదానికి ఈ రోగం ఉందంటే పిల్లను చేసుకుంటారా? ఒకసారి చూసినా. మళ్లా చూడలేను. నేను ఎట్లా పోయేదాన్నే గదా, పెళ్లి అయ్యేదాకా గమ్మున ఉంటే చాలనుకున్నా."

డబ్బాలో మూడు సార్లు ఉమ్మి మాత్రమే ఎందుకు ఉన్నదో మాకు అప్పుడు తెలిసింది. సహకరించక కాదు. మనవరాలి కోసం.

ఆ రాత్రి, ఆ తర్వాత

మేము ఆమెను కోప్పడలేదు. ఒక్క ప్రశ్న మాత్రం అడిగాము: "మనవరాలు ఎక్కడ పడుకుంటుంది అవ్వా?" "నా పక్కనే" అన్నది. ఆ మాట అన్నాక అవ్వ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "డబ్బా ఇయ్యి" అన్నది.

పొద్దున్నే నోరు పుక్కిలించి, గట్టిగా ఊపిరి పీల్చి, లోపల నుండి దగ్గి కళ్లె ఇచ్చింది. అదే రోజు మిషను పరీక్షలో క్షయ క్రిములు ఉన్నట్టు తెలిసింది. మామూలు మందులకు లొంగే రకమే అని కూడా తెలిసింది. ఆమెను గాలి ఆడే వేరే గదికి మార్చి, మాస్కు ఇచ్చి, మందులు మొదలుపెట్టాము. ఆమెకు దగ్గరగా ఉన్న రోగులను, డ్యూటీ చేసిన మా నర్సులను కూడా పరీక్షించాము. ఎవరికీ జబ్బు లేదు.

కొడుకుకు చెప్పవలసిన మాటలు రెండు ఉన్నాయి. ఒకటి జబ్బు గురించి, రెండోది పెద్దమ్మ గురించి. రెండూ అవ్వే చెప్పింది. మేము తలుపు దగ్గర నిలబడ్డాము. ఆయన మంచం అంచున కూర్చొని, "నాకు ఎందుకు చెప్పలేదమ్మా?" అని మాత్రం అన్నాడు.

ఇంట్లో అందరికీ పరీక్షలు చేశాము. ఎవరికీ జబ్బు రాలేదు. మనవరాలికి డాక్టరు గారు నివారణ మందు ఇచ్చారు. పెళ్లివారికి చెప్పాలా వద్దా అన్నది మేము చెప్పే విషయం కాదు, ఒకరి జబ్బు సంగతి వారి అనుమతి లేకుండా మేము ఎవరికీ చెప్పము. కానీ ఆ అమ్మాయే పెళ్లికొడుకుకు ఫోను చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పిందట. రెండు వారాలు అటు నుండి కబురు లేదు. ఆ రెండు వారాలు అవ్వ మందు మింగిన ప్రతిసారీ "చెప్పకుండా ఉండాల్సింది" అనేదట. మూడో వారం పెళ్లికొడుకు, అతని తల్లి స్వయంగా వచ్చారు. డాక్టరు గారిని కలిసి తమ సందేహాలన్నీ అడిగి తెలుసుకొని వెళ్లారు. 2025 ఫిబ్రవరిలో పెళ్లి జరిగింది. అవ్వ ముందు వరసలో కూర్చున్నది.

మేలో ఆరు నెలల మందులు పూర్తయ్యాయి. చివరి పరీక్షలో క్రిములు లేవు. బరువు 41 కిలోలు. ఆ రోజు అవ్వ ఒక సంచిలో శెనక్కాయలు తెచ్చింది. స్టూడెంట్ అమ్మాయిని పిలిపించుకొని, "నేను పుట్టినప్పుడు మా ఊరు మద్రాసులో ఉండ్య. 1953లో ఆంధ్ర అన్నారు. 56లో ఆంధ్రప్రదేశ్ అన్నారు. 2022లో అనంతపురం కాదు, సత్యసాయి జిల్లా అన్నారు. ఊరు మాత్రం ఆడనే ఉంది. ఒకసారి పోయి రా. చెరువు కట్ట మింద నిలబడి మా అక్క పేరు చెప్పు" అన్నది.

ప్రతి కుటుంబం తెలుసుకోవలసినవి

1. రెండు వారాలు దాటిన దగ్గు, సాయంత్రం జ్వరం, బరువు తగ్గటం, రాత్రి చెమటలు, కళ్లెలో రక్తం - వీటిలో ఏది ఉన్నా కళ్లె పరీక్ష చేయించండి. పెద్ద వయసు వారిలో దగ్గు ఎక్కువ లేకుండా, ఆకలి పోయి నీరసించటం మాత్రమే కనిపించవచ్చు. "ముసలితనం" అని వదిలేయవద్దు.

2. పరీక్షకు ఉమ్మి పనికిరాదు. పొద్దున లేచి నోరు పుక్కిలించి, లోపలి నుండి దగ్గి తెచ్చిన కళ్లె ఇవ్వాలి. గాలి ఆడే చోట, ఎవరికీ ఎదురుగా కాకుండా దగ్గాలి.

3. మామూలు క్షయకు మందులు ఆరు నెలలు. మొదటి రెండు నెలలు నాలుగు రకాలు, తర్వాత నాలుగు నెలలు మూడు రకాలు, ప్రతి రోజూ వాడాలి. ప్రభుత్వ కేంద్రాలలో ఇవి ఉచితం. మూత్రం ఎర్రగా, నారింజ రంగులో వస్తే భయపడవద్దు, అది మందు రంగు. కళ్లు పచ్చబడినా, వాంతులు ఆగకపోయినా వెంటనే రండి.

4. కొంచెం బాగుందని మధ్యలో ఆపవద్దు. ఆపితే మందులకు లొంగని క్షయ వచ్చే ప్రమాదం ఉంది.

5. క్షయ గాలి ద్వారా వస్తుంది. కంచం, గ్లాసు, బట్టల వలన రాదు. రోగిని వెలివేయనవసరం లేదు. 1956లో మద్రాసులో మొదలైన పరిశోధనలో, మందులు సరిగా వాడితే ఇంట్లో ఉండి కూడా శానిటోరియంలో ఉన్నంత బాగా నయమవుతుందని, ఇంట్లో వారికి అదనపు ప్రమాదం ఉండదని తేలింది. ప్రపంచమంతా శానిటోరియంలు తగ్గి ఇంటి వైద్యం రావటానికి అది పెద్ద కారణం.

6. పోషకాహారం కోసం 2018 నుండి ప్రభుత్వం రోగి బ్యాంకు ఖాతాలో నెలకు 500 రూపాయలు వేసేది. 2024 నవంబరు నుండి దానిని 1000 రూపాయలు చేశారు. మందులు మొదలుపెట్టినప్పుడే ఖాతా వివరాలు ఇవ్వండి.

7. ఒకే ఇంట్లో ఉన్నవారందరూ పరీక్ష చేయించుకోవాలి. జబ్బు లేకున్నా నివారణ మందు అవసరమేమో డాక్టరును అడగాలి.

ఇంకొక్క మాట

అవ్వ వచ్చి వెళ్లాక మా వార్డులో ఒక అలవాటు మొదలైంది. పెద్ద వయసు వారు చేరితే బి.పి., బరువు రాసుకున్న తర్వాత "మీది ఏ ఊరు? చిన్నప్పుడు అక్కడ ఎట్లా ఉండేది?" అని అడుగుతున్నాము. అయిదు నిమిషాలు పడుతుంది. కొందరు చెప్పరు. కొందరు చెప్పే మాటల్లో మందుకు పనికివచ్చేది ఏమీ ఉండదు. అయినా అడుగుతున్నాము. మాకు తెలియని మాట వినపడితే "అర్థం లేని మాట" అని రాసే ముందు, ఆ ప్రాంతం వారిని ఒకరిని పిలుస్తున్నాము.

మీ ఇంట్లో కూడా ఒక అవ్వ, ఒక తాత ఉంటారు. ఈ రాత్రి భోజనం అయ్యాక వారి ఊరి చెరువు గురించి, తిరునాళ్ల గురించి అడగండి. తొందర పెట్టవద్దు. ఫోను పక్కన పెట్టండి. ఎవరి పేరు దగ్గర ఆగిపోతున్నారో గమనించండి. వారి దగ్గును కూడా వినండి.

మీ ఆరోగ్యం కోరుతూ,
నర్సింగ్ సూపరింటెండెంట్ మరియు స్త్రీల వార్డు సిబ్బంది